ఇరవై కిలోల టోపీ, నాలుగు గిలకలు

కారు హార్డ్‌టాప్‌ను, అంటే విడిగా తీసి పెట్టుకునే గట్టి పైకప్పును, గరాజ్ సీలింగ్‌కు ఎత్తి వేలాడదీసే హాయిస్ట్ ఇది. ముందే చెప్పేస్తున్నాను, ఐదుకు మూడున్నర స్టార్లు. వస్తువు మంచిదే. పెట్టె మీద రాసిన ఒక్క మాటతోనే నాకు అసలు పేచీ. "ఒక్కరే, పది నిమిషాల్లో, హార్డ్‌టాప్ తీసి మళ్ళీ బిగించుకోవచ్చు" అని రాశారు. రెండేళ్ళుగా వాడుతున్నాను. మూడుసార్లు తీశాను, రెండుసార్లు బిగించాను. తీయడం దాదాపు ఒక్కడి వల్ల అయ్యే పనే. బిగించడం మాత్రం కాదు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి హాయిస్ట్‌లు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి, ఫొటోలు చూస్తే అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినట్టున్నాయి. సీలింగ్‌కు బిగించే నాలుగు గిలకలు, నాలుగు తాళ్ళు, ఫోమ్ చుట్టిన రెండు ఇనుప బార్లు, గోడకు బిగించి, చేత్తో తిప్పి తాళ్ళు చుట్టే ఒక వించ్. నాకు 260 డాలర్లు పడింది.

కారు 1996 మాజ్డా మియాటా. రెండే సీట్లు, 1.8 లీటర్ల ఇంజను, 133 హార్స్‌పవర్, వెయ్యి కిలోలు దాటీ దాటని బరువు. మొదటిసారి కొన్నప్పుడు కాకినాడలో ఉన్న మా నాన్నకు వీడియో కాల్‌లో చూపిస్తే, "మాజ్డానా? మన స్వరాజ్ మాజ్డా వ్యాను వాళ్ళేనా?" అన్నారు. వాళ్ళే నాన్నా, అన్నాను. ఆయన చాలాసేపు స్క్రీన్ వైపు చూసి, "మరి ఇందులో ఇద్దరే పడతారేంట్రా?" అన్నారు. ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరికీ సరైన సమాధానం చెప్పలేకపోయాను.

ఈ బండికి పుట్టుకతో ఉండేది గుడ్డ టాప్. మా ఏడాది మోడల్‌కు వినైల్ టాప్, వెనక అద్దం బదులు ప్లాస్టిక్ కిటికీ. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవైలో. డిసెంబరు, జనవరిల్లో ఆ వినైల్ కింద కూర్చుంటే గొడుగు కింద కూర్చున్నట్టే ఉంటుంది. అందుకని 2019లో ఒహాయో వెళ్ళి పాత ఫ్యాక్టరీ హార్డ్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చాను. 1100 డాలర్లు. ఇప్పుడు ఆ ధరకు రాదు. ఉన్నవాటికి గిరాకీ పెరిగి, రోడ్డు మీద ఆపిన కార్ల నుంచి టాప్‌లు దొంగిలించేదాకా వచ్చింది. కొందరు లాచ్‌లకు, అంటే టాప్‌ను కారుకు పట్టి ఉంచే గొళ్ళేలకు, తాళాలు వేసుకుంటున్నారు. కారు నీలం, టాప్ తెలుపు. రంగు వేయిద్దామనుకుంటూనే ఆరేళ్ళు గడిచాయి. మొదటిసారి చూసి మా అమ్మ, "చలికాలం కదా, కారుక్కూడా మంకీ క్యాప్ పెట్టావన్నమాట" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు మంకీ క్యాపే.

(ఉప్పు చల్లిన రోడ్ల మీద ముప్పై ఏళ్ళ మియాటాను తిప్పుతావా అని కోప్పడేవాళ్ళుంటారు. రోడ్డు పొడిగా ఉన్న రోజునే బయటికి తీస్తాను. వచ్చాక అడుగుభాగం కడుగుతాను. అయినా తిట్టాలనుకుంటే తిట్టండి, న్యాయమే.)

టాప్ బరువు సుమారు 45 పౌండ్లు, అంటే ఇరవై కిలోలు. మన కొట్లో అమ్మే ఇరవై పౌండ్ల సోనామసూరి సంచులు రెండు, పైన ఓ రెండు కందిపప్పు పొట్లాలు. ఆ బరువు ఎవరైనా మోస్తారు. చిక్కు బరువుతో కాదు, ఆకారంతో. చేతులు రెండూ చాపినా రెండు అంచులూ ఒకేసారి గట్టిగా పట్టు దొరకవు. వెనక నిజమైన అద్దం ఉంటుంది, బరువంతా అటే లాగుతుంది. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకే ఇది ఎప్పుడూ ఇద్దరి పని. అటొకరు, ఇటొకరు నిలబడి, ఒకేసారి "ఊఁ" అని లేపి, పక్కకు నాలుగడుగులు వేస్తే అయిపోతుంది.

మాకు ఆ రెండో మనిషి మా బావమరిది. మూడేళ్ళు వాడూ నేనూ చేశాం. తర్వాత వాడికి డాలస్‌లో ఉద్యోగం వచ్చి ఫ్రిస్కో వెళ్ళిపోయాడు. మా ఆవిడకు భుజం నొప్పి, చెయ్యి తల దాకా లేపలేదు. ఆ ఏడు అక్టోబరులో దగ్గర్లోని ఒక షాపుకు తీసుకెళ్ళాను. పేరు వద్దు. ఎనభై డాలర్లు తీసుకుని అరగంటలో బిగించి ఇచ్చారు. ఐ-96 ఎక్కి అరవై మైళ్ళ వేగం దాటగానే చెవి పక్కన ఈల. సన్నగా, ప్రెషర్ కుక్కర్ విజిల్ రాబోయే ముందు వచ్చే శబ్దంలాంటి ఈల. ఇంటికొచ్చి చూస్తే కుడివైపు సైడ్ లాచ్ సగమే బిగించి ఉంది. వారం తర్వాత మంచు పట్టిన ఉదయం వెనక అద్దం మీది మంచు కరిగించే డీఫ్రాస్టర్ వేస్తే పనిచెయ్యలేదు. సీట్ల వెనక దాని ప్లగ్ పెట్టకుండానే వదిలేశారు. పెద్ద తప్పులేం కావు, ఐదు నిమిషాల్లో సర్దుకున్నాను. కానీ ఎనభై డాలర్లిచ్చి, చివరికి నేనే సర్దుకునే పని అయినప్పుడు నేనే చేసుకుంటే పోలా అనిపించింది. ఆ ఉక్రోషంలో కొన్నదే ఈ హాయిస్ట్.

బావమరిదికి ఫోన్ చేసి చెబితే నవ్వాడు. "బావా, బటన్ నొక్కితే పన్నెండు సెకన్లలో దానంతటదే మడుచుకుపోయే హార్డ్‌టాప్ మియాటాకు 2006లోనే వచ్చింది కదా. కారు మార్చెయ్యి." వాడికేం, చెబుతాడు.

ఇక బిగింపు సంగతి. పెట్టెలోని కాగితం మీద గిలకల మధ్య దూరం ఇచ్చారు. ఆ దూరం మా సీలింగ్‌లోని దూలాలకు సరిపోదు. అమెరికా ఇళ్ళలో సాధారణంగా దూలానికీ దూలానికీ మధ్య పదహారు అంగుళాలుంటుంది. గిలక దూలంలోకి దిగాలి గాని ఉత్త జిప్సం బోర్డులోకి దిగితే, ఓ రాత్రి వేళ టాప్ వచ్చి బానెట్ మీద కూర్చుంటుంది. కాబట్టి దూలాలకు అడ్డంగా రెండు టూ బై ఫోర్ చెక్కలు (ఇక్కడ ఇళ్ళు కట్టే మామూలు చెక్క) లాగ్ స్క్రూలనే లావుపాటి మరలతో బిగించి, గిలకల్ని ఆ చెక్కలకు బిగించాను. చెక్క, స్క్రూలు కలిపి ఇంకో ముప్పై డాలర్లు, ఒక శనివారం. ఈ చెక్కల మాట కాగితంలో ఎక్కడా లేదు. అరస్టారు ఇక్కడ పోయింది.

సీలింగ్ ఎత్తు కొలుచుకోకుండా కొనకండి. మాది ఎనిమిది అడుగులు, అంటే 244 సెంటీమీటర్లు. మియాటా టాప్‌తో సహా 122 సెంటీమీటర్లే. లెక్కకు సరిగ్గా సగం ఖాళీ. గిలకలు, తాళ్ళ ముడులు, టాప్ మందం పోగా వేలాడే టాప్ కింది అంచు నేల నుంచి అయిదున్నర అడుగుల దగ్గర ఆగుతుంది. నా ఎత్తు ఐదు అడుగుల ఎనిమిది. మొదటి వేసవిలో నుదుటి మీద రెండు బొప్పిలు కట్టాక, అంచుకు ఎర్ర రిబ్బను కట్టాను. గరాజ్ తలుపు పైకి జరిగే పట్టాలు ఎక్కడిదాకా వస్తాయో కూడా చూసుకోండి. నాకు నాలుగు అంగుళాల్లో తప్పింది.

తీయడం ఎలాగో చెబుతాను. ముందు రెండు కిటికీలూ పూర్తిగా దించాలి. ఈ కారు డోర్లకు అద్దం చుట్టూ ఫ్రేము ఉండదు, అద్దం నేరుగా టాప్ రబ్బరుకు ఆనుతుంది. దించడం మర్చిపోతే ఏదో ఒకటి విరుగుతుంది. వెనక ఫెండర్ మీది యాంటెన్నా విప్పాలి. డీఫ్రాస్టర్ ప్లగ్ ఊడదీయాలి. ముందు విండ్‌షీల్డ్ పైన రెండు లాచ్‌లు, డోర్ల వెనక చెరో సైడ్ లాచ్, ఆ తర్వాత వెనక డెక్ మీద, అంటే సీట్ల వెనక డిక్కీకి ముందుండే బాడీ భాగం మీద, రెండు బోల్టులు. ఆ వెనక బోల్టుల్ని ఇక్కడి వాళ్ళు ఫ్రాంకెన్‌స్టైన్ బోల్టులంటారు. మెడకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన బోల్టులతో సినిమాల్లో ఫ్రాంకెన్‌స్టైన్ కథలోని రాక్షసుణ్ణి చూపిస్తారు కదా, అలా ఉంటాయని.

ఇక్కడే హాయిస్ట్ వాళ్ళ వీడియోలో ఒక చిన్న మాయ ఉంది. ముందు బార్ ఇబ్బంది లేదు. ఒక కిటికీలోంచి దూర్చి రెండో కిటికీలోంచి బయటికి తీస్తే టాప్ ముందు అంచు కింద సరిగ్గా కూర్చుంటుంది. వెనక బార్ అలా దూరదు. అక్కడ టాప్ అంచు కారు డెక్ మీదే ఆనుకుని ఉంటుంది, సందు లేదు. వీడియోలో కెమెరా ఒక్క క్షణం గోడ మీది వించ్ వైపు తిరుగుతుంది. మళ్ళీ వెనక్కి వచ్చేసరికి వెనక బార్ దానంతటదే టాప్ కింద ఉంటుంది! మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను.

కాగితం చెప్పేదేంటంటే, వెనక తాళ్ళు వదులుగా ఉంచి, ముందు బార్‌ను మాత్రమే మూడు నాలుగు అంగుళాలు లేపి, ఆ సందులో వెనక బార్ తొయ్యమని. అంటే ఆ కాసేపు టాప్ బరువంతా వెనక అంచు మీద, ఆ అంచు మీ కారు పెయింటు మీద. మడతపెట్టిన తువ్వాలు వేసి మొదటిసారి అలాగే చేశాను. గీత పడలేదు గాని, తువ్వాలు కింద నుంచి వచ్చిన 'కిర్' మన్న చప్పుడు నా పంటి కింద రాయిలా తగిలింది. రెండోసారి నుంచి మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ వెనక నిలబడి, చేతులు నడుము ఎత్తులోనే ఉంచి, వెనక అంచును ఆరు అంగుళాలు లేపి పట్టుకుంటుంది. నేను బార్ దూరుస్తాను. పది సెకన్లు. భుజానికి ఇబ్బంది లేదు. "ఈ పది సెకన్ల కోసం నన్ను వంటింట్లోంచి పిలుస్తారు, మరి ఒక్కరే చెయ్యొచ్చన్న మెషీన్ ఎందుకండీ?" అంటుంది. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చిన మనిషితో వాదించకూడదు.

బార్లు రెండూ కుదిరాక మాత్రం హాయిస్ట్ తన డబ్బుకు న్యాయం చేస్తుంది. వించ్ హ్యాండిల్ ఒక చుట్టుకు అంగుళం లెక్కన లేస్తుంది. రెండు వేళ్ళతో తిప్పొచ్చు. వదిలేసినా జారదు, బ్రేక్ పట్టుకుంటుంది. టాప్ మెల్లగా కారు మీద నుంచి విడివడి పైకి పోతుంటే చూడ్డానికి బాగుంటుంది. కిందనుంచి కారు తీసి వాకిట్లో పెడితే అయిపోయింది. ఇంతకుముందు తీసిన టాప్‌ను బేస్‌మెంట్‌లో దుప్పటి మీద పెట్టేవాణ్ణి. ఆరు నెలలు తన బరువు మీద తనే కూర్చుని కింది రబ్బరు అణిగిపోయేది, శరదృతువులో బిగిస్తే నీళ్ళు కారేది. వేలాడదీస్తే ఆ బాధ లేదు. చక్రాల స్టాండ్లు కూడా అమ్ముతారు గాని, అవి నేల మీద చోటు తింటాయి. మా గరాజ్‌లో నేల మీద ఖాళీ అంటే ఆవకాయ జాడీల పెట్టె పక్కన రెండు అడుగులు.

తాడు గురించి ఒక మాట. వచ్చిన తాళ్ళు బరువుకు సాగుతాయి. మొదటి వారం పొద్దున్నే చూస్తే టాప్ ఎడమవైపుకు అంగుళం వాలి ఉండేది. వారం తర్వాత ఆగిపోయింది. అప్పుడు ముడులు సరిచేసి, ఎస్ కొక్కేలు తీసేసి కారబైనర్లు, అంటే తాళం పడి మూసుకునే కొక్కేలు, పెట్టుకున్నాను. ఎస్ కొక్కెం తాడు వదులైనప్పుడు ఊడిరాగలదు. పెట్టెలో అవే ఇచ్చారు, నాకు నచ్చలేదు. మీరూ మార్చేయండి, పన్నెండు డాలర్లు.

ఇప్పుడు బిగించడం. ఈ రివ్యూ రాయడానికి కారణం ఇదే.

బిగించాల్సింది ఎప్పుడో ముందు చెప్పాలి. గుడ్డ టాప్‌ను మడిచి లోపల పెట్టాకే హార్డ్‌టాప్ ఎక్కుతుంది. చలిలో పాత ప్లాస్టిక్ కిటికీని మడిస్తే అప్పడంలా పగులుతుంది. కాబట్టి మొదటి మంచు పడేదాకా ఆగకూడదు. అక్టోబరులో చివరగా ఒక వెచ్చని వారాంతం వస్తుంది, అప్పుడే చెయ్యాలి. కిటికీ జిప్ విప్పి, చదునుగా పరిచి, మధ్యలో పాత పంచె ముక్క వేసి మడుస్తాను. మాకు అది దసరా దగ్గర్లో పడుతుంది. టాప్ బిగించి, నోవై వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళి వాహన పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వస్తాం. మళ్ళీ తీయడం ఏప్రిల్లో. ఉగాదికి తీద్దామని మా ఆవిడ ముచ్చట గాని, మిషిగన్‌లో ఉగాదికి కూడా మంచు కురవొచ్చు. శ్రీరామనవమి దాకా ఆగితే మంచిది.

గుడ్డ టాప్ మడిచినప్పుడే సీట్ల వెనక రెండు మూలల్లో ఉండే నీటి కాలువలు చూడండి. టాప్ మీద పడ్డ వాన నీళ్ళు వాటిలోంచే కిందికి పోవాలి. ఆకులు పడి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి, డోర్ కింది రాకర్ ప్యానెల్స్ లోపల్నుంచి తుప్పు పడతాయి. పాత మియాటాలు చాలా వరకు అక్కడే చచ్చిపోతాయి. వాటిని గుచ్చి శుభ్రం చేయడానికి మొనలేని మెత్తటి గొట్టం వాడాలి గాని, ఇనుప తీగ వద్దు. హాయిస్ట్‌కు దీనికి సంబంధం లేదు, అయినా చెప్పాలనిపించింది.

మొదటి అక్టోబరులో ఒక్కణ్ణే ఉన్నాను. మా ఆవిడ గుడిలో బతుకమ్మకు వెళ్ళింది. తీయడం అంత సులువుగా అయింది కదా, బిగించడం దాన్ని తిరగేయడమేగా అనుకున్నాను. ముగ్గు సుద్దతో గరాజ్ నేల మీద టైర్ల గీతలు ముందే గీసి పెట్టుకున్నాను, ఏప్రిల్లో కారు ఎక్కడ నిలిచిందో సరిగ్గా అక్కడే నిలపడానికి. కారు పెట్టాను. వించ్ తిప్పుతూ టాప్ దించాను. నూతిలోకి బిందె దించినట్టు కిందికి వచ్చేకొద్దీ ఊగడం మొదలుపెట్టింది. ఆపడానికి వెళ్ళాలంటే వించ్ వదలాలి. వదిలి వెళ్ళి ఆపి, మళ్ళీ వచ్చి ఒక చుట్టు తిప్పి, మళ్ళీ వెళ్ళి చూసి. వించ్ ఉండేది గోడ మీద. నేను చూడాల్సిన మూల కారుకు అవతలి వైపు, వెనక. వించ్ దగ్గర నిలబడితే ఆ మూల కనపడదు. ఆ మూల దగ్గర నిలబడితే వించ్ అందదు. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడికి ఇది పెట్టె చూసినప్పుడే తట్టాల్సింది.

చివరి రెండు అంగుళాలు చాలా కీలకం. వెనక అంచు కింద ఉన్న కొక్కేలు రెండూ ఆ ఫ్రాంకెన్‌స్టైన్ బోల్టుల దగ్గర సరిగ్గా కూర్చోవాలి, అదే సమయంలో ముందు అంచు విండ్‌షీల్డ్ పైన రబ్బరు మీదకు రావాలి. ముందుకు అర అంగుళం ఎక్కువైతే ముందు లాచ్ అందదు. పక్కకు అర అంగుళం పోతే కొక్కెం బోల్టు పక్కన, అంటే పెయింటు మీద దిగుతుంది. వించ్ ఒక చుట్టుకు అంగుళం. అర అంగుళం కావాలంటే సగం చుట్టు తిప్పి బ్రేక్ పట్టేదాకా ఆగాలి, ఆ బ్రేక్ పట్టేటప్పుడు ఇంకో పావు అంగుళం జారుతుంది. నేను ఆఖరి చుట్టు తిప్పాను. ఎడమవైపు కూర్చుంది. కుడివైపు 'టక్' మంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే కుడి కొక్కెం బోల్టుకు ముప్పావు అంగుళం ఇవతల, నీలం రంగు మీద తెల్లటి గీత. అగ్గిపుల్లంత పొడవు. తప్పు నాది, తొందర నాది. టచప్ పెయింటుతో మూశాను. వెలుతురు ఒక పక్క నుంచి పడితే ఇప్పటికీ కనిపిస్తుంది. నాకు మాత్రం ఏ వెలుతురులోనైనా కనిపిస్తుంది.

రెండో అక్టోబరుకు పక్కింటి పెద్దాయన్ని పిలిచాను. ఒక కార్ల కంపెనీలో నలభై ఏళ్ళు అచ్చులు చేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. చేతులు జేబులో పెట్టుకుని హాయిస్ట్ మొత్తం ఒకసారి చూసి, వించ్ మీద చెయ్యి వేసి, ఇది దించడానికి కాదు, వేలాడదీయడానికి అన్నారు. అంతే, విషయం తేలిపోయింది. నాలుగు అంగుళాల ఎత్తు దాకా వించ్‌తో దించాం. అక్కడ ఆపి, అటొకరు ఇటొకరు నిలబడి టాప్‌ను చేతుల్లోకి తీసుకుని, బార్లు లాగేసి, మామూలుగా, బావమరిదితో చేసినట్టే చేత్తో కూర్చోబెట్టాం. నలభై సెకన్లు కూడా పట్టలేదు. చేతులకు తెలిసినంత వించ్‌కు తెలియదు. కుడి పక్క కొక్కెం బోల్టును తాకగానే వేళ్ళకు తెలిసిపోతుంది.

ఆయన నేర్పిన ఇంకో సంగతి. ఏ లాచ్‌నూ మొదటే పూర్తిగా బిగించకూడదు. వెనకవి కూర్చోబెట్టి, ముందువి తగిలించి వదిలి, పక్కవి తగిలించి వదిలి, అప్పుడు అన్నీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే మిగతా మూడు దాని వెంట వంకరగా వస్తాయి. ఈల పుట్టేది అక్కడే. ఆ షాపువాళ్ళు చేసింది బహుశా ఇదే. ముందు లాచ్ కొక్కెం పొడవు మరను తిప్పి సర్దుకోవచ్చు. మూయడానికి రెండు చేతుల బలం కావాల్సివస్తే అది బాగా బిగిసిందని కాదు, ఎక్కువ బిగిసిందని.

బిగించాక డీఫ్రాస్టర్ ప్లగ్ పెట్టి, కిటికీలు మెల్లగా ఎక్కించి, కాగితం పరీక్ష చేస్తాను. అద్దానికీ రబ్బరుకూ మధ్య కాగితం పెట్టి అద్దం ఎక్కించి లాగాలి. కాస్త పట్టుకున్నట్టు ఉండి రావాలి. ఊరికే జారి వస్తే అక్కడ గాలి, నీళ్ళు దూరతాయి. నేను వాడేది మన కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన పంచాంగం క్యాలెండర్లో చిరిగిన పాత నెల. మందం సరిగ్గా సరిపోతుంది. తర్వాత పైపుతో నీళ్ళు పట్టి, మా ఆవిణ్ణి లోపల కూర్చోమంటాను. రెండో ఏడాది ఒక్క చుక్క కూడా పడలేదు. రబ్బరుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పెట్రోలియం జెల్లీ లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

డెక్ మీద కొక్కేలు దిగే చోట పారదర్శకంగా ఉండే పెయింట్ రక్షణ ఫిల్ము రెండు ముక్కలు అంటించాను. గీత పడ్డాక అంటించాను. మీరు ముందే అంటించండి.

ఎవరు కొనాలంటే, టాప్ పెట్టుకోవడానికి నేల మీద చోటు లేనివాళ్ళు, పిలిస్తే పది నిమిషాలకు వచ్చే మనిషి ఒకరున్నవాళ్ళు. అపార్ట్‌మెంట్ వాళ్ళకు, అద్దె ఇంటి వాళ్ళకు దండగ, సీలింగ్‌కు రంధ్రాలు పెట్టనివ్వరు. ఎలక్ట్రిక్ మోటారుతో రిమోట్ ఉన్న రకం ఉంటుంది, ధర రెట్టింపు పైనే. రిమోట్ చేతిలో పట్టుకుని ఆ వెనక మూలకు వెళ్ళొచ్చు కాబట్టి నా గీత పడి ఉండేది కాదేమో. కాని ఊగడం అదీ ఆపదు.

ఫోమ్ నాణ్యతకు కూడా కొంత కోత. రెండో వేసవికే ముందు బార్ మీది ఫోమ్ పొడిపొడిగా రాలిపోయింది. పాత యోగా మ్యాట్ కోసి చుట్టి, జిప్ టైలు వేశాను. వించ్‌కు, గిలకలకు మాత్రం పేరు పెట్టడానికి లేదు. వేలాడదీశాక ఒక్కసారి కూడా జారలేదు, తుప్పు లేదు, చప్పుడు లేదు.

పెద్దాయన సాయానికి డబ్బు తీసుకోరు. పులిహోర డబ్బా ఇస్తే తీసుకున్నారు, ఖాళీ డబ్బా కడిగి తిరిగిచ్చారు. కాని ఆ రోజు వెళ్ళేముందు ఖాళీగా వేలాడుతున్న బార్లను చూసి, చలికాలమంతా ఇవి ఊరికే ఉంటాయా అని అడిగారు. ఉంటాయన్నాను. అప్పటినుంచి నవంబరు మొదలుకొని ఏప్రిల్ దాకా మా గరాజ్ సీలింగ్‌కు ఆయన కయాక్ పడవ వేలాడుతుంది. దాన్ని దించడానికి ఆయన, టాప్‌ను ఎక్కించడానికి నేను, ఇద్దరం ఒకే రోజు చూసుకుంటున్నాం.